మందు అలవాటు

పోయిన మా ఇంటాయన ఏనాడూ సారా చుక్క ముట్టలేదు. అయినా బరంపురంలో ఒక డాక్టరు చీటీలో ఆయన్ని తాగుబోతని రాశాడు.

ఇరవై ఏళ్లు ఊరందరి వంగతోటలకూ ఆయనే పురుగుమందు కొట్టాడు. పక్కన కర్ర ఉన్నా చేత్తోనే కలిపేవాడు. తరవాత ఒంట్లో సత్తువ పోయింది. ఎంత పడుకున్నా అలసట తీరేది కాదు. చేనిగట్టు దాకా నడిచి "కూసింతసేపు కూకుంటానే" అనేవాడు. ఆ కూసింతసేపు పొద్దు వాలేదాకా సాగేది.

"బావకి బద్దకం బాగా మప్పినావే," అని తోడికోడలు నన్ను ఎత్తిపొడిచేది.

ఆ డాక్టరు తెలుగాయనే. రక్తపరీక్షలో ఏమీ లేదన్నాడు. "మందు అలవాటుందా?" అని అడిగాడు.

"ఇరవయ్యేల్ల నుంచి బాబూ. పొద్దున్నే మొదలెట్టేత్తాను," అన్నాడీయన.

నాకు చదువు రాదు. బయట మందులషాపతను చీటీ చదివితే గుండె మండింది.

"రా మావా, లోనికెల్లి ఆ మాట కొట్టేయించుదాం."

ఆయన మెట్టుమీద కూలబడ్డాడు. "ఉండనీయే. బద్దకస్తుడికంటే తాగుబోతు నయం."

నేనొక్కదాన్నే వెళ్లాను. "తాగే మందు కాదు బాబూ, పురుగులకి కొట్టే మందు," అన్నాను. డాక్టరు చీటీలో తాగుబోతన్న మాట కొట్టేశాడు. ఏ మందు, చేతికి తొడుగు వేసేవాడా అని అప్పుడడిగాడు. "దానివల్ల కావచ్చు, కాకపోవచ్చు. తేల్చి చెప్పలేను. ఇక ముట్టనివ్వకు," అన్నాడు.

బయటికొస్తే ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు.

"బద్దకం కాదని సెప్పాడేటే?"

"కాదనే సెప్పాడు మావా."

డాక్టరు ఆ మాట అనలేదు. నేనే అన్నాను.