పెరటాసిలో ఇల్లు మారిన పుంజు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. తిరుపతి శివార్లలోని పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా నా ఆఖరి సంవత్సరం. అప్పటికి నా సర్వీసులో నూరు పుంజులకు కొత్త ఇళ్ళు చూపించాను. ఒక్కటంటే ఒక్కటి కూర కాలేదు. దీన్ని ఇప్పుడు రీహోమింగ్ అంటున్నారు. మనం పెంచలేని ప్రాణికి పెంచే ఇల్లు వెతకడం. పెట్టకైతే ఎవరైనా చేయి చాస్తారు. పుంజు అనగానే "ఎన్ని కేజీలు?" అంటారు.

ఆ ఏడు మునెమ్మ ఒక డేగపుంజును చంకన పెట్టుకొని వచ్చింది. మేస్త్రీ పని చేసే ఆమె భర్త దాన్ని పిల్లప్పటినుంచి పెంచాడట. ఆయన పోయాక ఆమె పెరడున్న ఇల్లు వదిలి, మేడమీద ఒక గదికి మారుతోంది. కోడి వద్దన్నాడు ఆ ఇంటి ఓనరు.

"తెల్లార్తో ఇది కూస్తే మా ఇంటాయన దగ్గుకుంటా లేసేవోడన్నా. ఇప్పుడు కూత ఒకటే మిగిలిండాది. కోసుకోనోళ్ళ ఇల్లు సూడు. నేను మాత్రం ఆడికి రాను, సూస్తే మళ్ళా ఎత్తుకొచ్చేస్తా. అప్పుడప్పుడూ పోన్లో కూత వినిపిస్తే సాలు."

వడమాలపేటలో ఒక రైతు ఇల్లు కుదిరింది. గడపకు నామాలు, పెరట్లో పెట్టలు. నీసు ముట్టమని ఆ ఇంటాయన నోటితోనే అన్నాడు. ఇంకేం కావాలి? క్వారంటైన్ గురించి కూడా చెప్పి వచ్చాను. అంటే, రోగాలు అంటకుండా కొత్త కోడిని కొన్నాళ్ళు గంప కింద విడిగా ఉంచడం.

కొన్ని వారాలకు చూసొద్దామని వెళితే గంప ఖాళీ. రైతు ఏమీ దాచలేదు.

"పెరటాసి అయిపోయింది కదన్నా," అన్నాడు.

వెంకటేశ్వరస్వామి పేరున ఆ నెలంతా మా వైపు చాలా ఇళ్ళలో నీసు వండరు. నేనూ మానినవాడినే, అయినా ఆయన మాట ఆ నెల వరకేనని తట్టలేదు. నేను చెప్పినట్టే విడిగా ఉంచారు కాబట్టి, పట్టుకోవడానికి పరుగెత్తాల్సిన పని కూడా లేకపోయింది.

నూరు పుంజులన్నది కోతే లెండి. ఐదో, ఆరో. ఈ డేగ కాక మిగతావి ఏమయ్యాయో నేనెప్పుడూ వెళ్ళి చూడలేదు.

తిరుగు బస్సులో ఉండగానే మునెమ్మ ఫోను. మావాడు ఎట్లున్నాడని అడిగింది. నిజం నోటికి రాలేదు. వాణ్ణి మా ఇంటికే తెచ్చుకున్నానని, తెల్లవారుజామున ఫోను చేస్తే కూత వినిపిస్తానని చెప్పాను. మరునాడు మా పెరట్లో నిలబడి నేనే కూశాను. ఆ కూతకు పక్కింటి పెట్టలు గోడెక్కి చూశాయంటే నమ్మండి. కాకపోతే ముసలి గొంతు, కూయగానే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఫోను దూరంగా పట్టుకొని దగ్గేవాణ్ణి. అటువైపు మునెమ్మ కాసేపు విని పెట్టేసేది. రిటైరయ్యాక కూడా శనివారం శనివారం ఇదే పని.

ఇల్లు చూస్తే చాలదు, నెల కూడా చూడాలని ఆ పుంజు నాకు నేర్పింది. మొన్న ఇక ఉండబట్టక మునెమ్మ గదికి వెళ్ళి అంతా చెప్పేశాను, పక్కింటి పెట్టల సంగతితో సహా. ఇన్నాళ్ళూ నా కూతను నమ్మిన మనిషి ఏడుస్తుందనుకున్నాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"పెట్టలు గోడెక్కినాయా? ఆ కూతకు కాకి గూడా రాదు. పుంజు పోయిందని మొదటి దినమే తెలుసన్నా. నేను పోను సేసింది ఎనకొచ్చే ఆ దగ్గు కోసరం."