నాకు లేని జబ్బు నయమైన ఆదివారం

ఆ రోజుల్లో నా గుండె గురించి నాకు తప్ప అందరికీ బెంగ ఉండేది. బెంగళూరు పక్కన జిగణిలో ఓ ఫ్యాక్టరీలో ఉద్యోగం, బొమ్మనహళ్ళిలో అక్కావాళ్ళింట్లో మకాం, ఆదివారమైతే తెలుగు చర్చి. అక్కడ ముందు వరుసలో నిలబడి పాటలు పాడే అమ్మాయి నాకు నచ్చింది, ఆమెకు నేనూ నచ్చాను (ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు). వాళ్ళ నాన్న సంఘ పెద్ద, బెంగళూరులోనే పుట్టి పెరిగినాయన. పెళ్ళికి సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. మా నాన్న చిన్న వయసులోనే గుండెపోటుతో పోయాడు కాబట్టి, ఉంగరాలు మార్చుకునే ప్రధానం జరిగేలోపు నేను గుండెకు ఎకో పరీక్ష చేయించుకోవాలి. "తప్పుగా అనుకోవద్దప్పా, బిడ్డనిచ్చేవాణ్ణి, భయం ఉండాది" అన్నారాయన. నేను తప్పుగా అనుకోలేదు. ఆమెను ఇస్తానంటే కిడ్నీలు కూడా చూపించేవాణ్ణి.

ఆయన అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆ ఆదివారం మైకు పట్టుకుని, ప్రార్థన మనవుల్లో నా గుండెను కూడా చేర్చేశారు. పరీక్ష అని మాత్రమే చెప్పారు పాపం, జబ్బనలేదు. కానీ ఊరికే ఎవరైనా ప్రార్థన చేయిస్తారా? ఆరాధన ముగిసేసరికి నేను రోగినైపోయాను. ఒక ముసలామె నా చేతిలోంచి బైబిల్ లాక్కుని "బరువులు మొయ్యకు నాయనా" అంది. ఇంకొకాయన నన్ను మెట్ల మీద చెయ్యి పట్టుకుని దించాడు. పైగా పరీక్ష రోజు ఉపవాసం ఉండమని పెద్దాయన ఆజ్ఞ. మా అక్క ఆసుపత్రిలో నర్సు, తల బాదుకుంది. "ఒరేయ్, ఎకోకి కడుపు మాడ్చుకోవక్కర్లేదు. సూది లేదు, నొప్పి లేదు. గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే, ఛాతీ మీద చేస్తారంతే. శుభ్రంగా ఇడ్లీ తిని వెళ్ళు." నేను తినలేదు. కాబోయే మామగారి మాట కదా!

ఆయన కూడా వెంట వచ్చారు. టెక్నీషియన్ అమ్మాయిని బతిమాలి లోపలికే వచ్చి మూలన నిలబడ్డారు (పెళ్ళిచూపులు ఎక్కడెక్కడో జరుగుతాయి, నావి అక్కడ జరిగాయి). మసక వెలుతురు, ఏసీ చలి. చొక్కా విప్పించి, ఛాతీకి స్టిక్కర్లతో వైర్లు అంటించి, ఎడమ పక్కకు తిరిగి చెయ్యి తల కింద పెట్టుకోమంది. చల్లటి జెల్లీ పూసి, పరికరాన్ని పక్కటెముకల మధ్య గట్టిగా నొక్కుతూ, ఊపిరి వదలండి, ఆపండి అంటూ కాసేపు సతాయించింది. ఉన్నట్టుండి యంత్రంలోంచి బట్టలు ఉతుకుతున్నట్టు శబ్దం మొదలైంది. అది నా రక్తం పారే చప్పుడట. దానికి తోడు నా ఖాళీ కడుపు గురగురమంది. పెద్దాయన "స్తోత్రం, స్తోత్రం" అంటూ కళ్ళు మూసుకున్నారు. ఏమైనా కనిపించిందా అని ఆ అమ్మాయిని అడిగితే, "డాక్టర్ చెప్తారు సార్" అని తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మాట ఆవిడ అందరికీ చెప్తుందని అక్క తర్వాత చెప్పింది గానీ, ఆ క్షణాన నా పెళ్ళి, నా ప్రాణం రెండూ పోయాయనే అనుకున్నాను. చివరికి డాక్టరుగారు వచ్చి చూసి, "అంతా నార్మల్, హాయిగా పెళ్ళి చేసుకోండి" అన్నారు. పెద్దాయన నన్ను జెల్లీతో సహా కౌగిలించుకున్నారు. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన మళ్ళీ మైకు పట్టుకున్నారు. "మన ప్రార్థన ప్రభువు విన్నాడు, ఈ పిల్లోని గుండె బాగు చేసినాడు!" చప్పట్లు. ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని నన్ను ముందుకు తోశారు. పాటల వరుసలోంచి ఆమె నవ్వుతూ చూస్తోంది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, "దేవునికి స్తోత్రం. కానీ నాకు మొదటి నుంచీ ఏ జబ్బూ లేదండీ" అన్నాను. ముసలామె నా బైబిల్ నాకు తిరిగిచ్చేసింది.

సాయంత్రం పెద్దాయన ఇంటికొచ్చారు. అక్క రిపోర్టు తెచ్చి ముందు పెట్టింది, ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ప్రభువు బాగు చేసినాడంటే, జబ్బు ఉండినట్టే కదప్పా. మళ్ళీ తిరగబెడితే నా బిడ్డ గతేమి?"

"జబ్బే లేదు అంకుల్. డాక్టరు మీ ముందే చెప్పాడు కదా."

"అట్లయితే ప్రభువు ఏం చేసినట్టు? సంఘమంతా ఒట్టిగా మోకాళ్ళూనినారా?"

ఈ సంబంధం వద్దులే అని చెప్పి లేచి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. నా గుండెకూ దేవుడి పరువుకూ మధ్య ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది, ఎంచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఆమె ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. నాన్నకు ఎదురు చెప్పలేనంది. "నీ కోసం ప్రార్థన చేస్తాను" అంది.

"నీకు పుణ్యముంటుంది, ఆ పని మాత్రం చెయ్యొద్దు" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే.

మొన్న కంపెనీవాళ్ళు నలభై దాటినవాళ్ళందరికీ పరీక్షలన్నారు. మళ్ళీ అదే మసక వెలుతురు, అదే జెల్లీ. ఈసారి ఇడ్లీలు తినే వెళ్ళాను. వైర్లు అంటిస్తూ టెక్నీషియన్ అమ్మాయి అడిగింది, "సార్, ఇంతకుముందు గుండెకి ఏమైనా ప్రాబ్లమ్ ఉండిందా?" ఖాళీ కడుపుతో పరీక్షకెళ్ళి, ఆనక మైకు ముందు నిలబడి, నిజం చెబితే అందరూ సంతోషిస్తారనుకున్న ఆ పిచ్చి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"ఏమీ లేదమ్మా" అన్నాను, మెల్లగా. ఆ అమ్మాయి నా మాట వెంటనే నమ్మేసి, ఎడమ పక్కకు తిరగమంది.