పెట్టె చూపించిన పాత నంబరు

మా ఆయన్ని వీధంతా లైనాయన అంటుంది. అసలు పేరు చెప్పి అడిగితే మా ఇల్లు చూపించేవాళ్ళే లేరు. ముందుగదిలో కూర్చుని నూట ఎనభై ఇళ్ళకి ఇంటర్నెట్ ఇస్తాడు. కంపెనీ నుంచి వచ్చేది ఒక్కటే లైను. అందులోంచే ఇంటికింతని రోజుకో కోటా పంచుతాడు. కోటా దాటినవాళ్ళకి ఆ రోజంతా స్పీడు తగ్గిపోతుంది. అందరికంటే తక్కువ కోటా ఎవరిదనుకున్నారు? మాదే. ఆ సంగతి పెళ్ళయిన పన్నెండేళ్ళకు గానీ నాకు తెలియలేదు, అదీ ఆయన చెబితే కాదు.

ఉన్న లైను అందరికీ చాలాలని ఆయన బుర్రంతా ఆ గదిలో ఉన్న సర్వర్ పెట్టెలో పెట్టాడు. ఒకరు తెరిచిన పేజీని ఆ పెట్టె దాచుకుంటుంది. ఇంకొకరు అదే పేజీ అడిగితే, బయటికి వెళ్ళకుండా తన దగ్గరున్నదే ఇచ్చేస్తుంది. అలా ఇచ్చింది ఎవరి కోటాలోనూ పడదు. ఏ పేజీని ఎన్నాళ్ళు దాచాలో ఆయనే రాసిపెట్టాలి. భోజనానికి రమ్మని మూడుసార్లు కేకేస్తే నాలుగోసారి "ఆఁ" అనేవాడు, అదీ పెట్టెను చూస్తూనే.

ఎదురింటి టైలరన్నయ్య ఆయనకు ప్రాణస్నేహితుడు. నన్ను చెల్లెమ్మా అంటాడు కాబట్టి ఈయన అతన్ని బావా అంటాడు. అన్నయ్యకు కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటికి తెల్లపొర కమ్ముకొస్తోంది. ఎవరైనా దానమిచ్చిన కన్ను అమరిస్తే తప్ప చూపు నిలవదన్నారు కంటాసుపత్రిలో. వంతు ఎవరిదో ఆ ఆసుపత్రి పేజీలో పొద్దున పదింటికి నంబరు పెడతారు. వంతు వచ్చినవాళ్ళు పన్నెండులోగా ఆ పేజీలోనే సరేనని నొక్కాలి. నొక్కకపోతే పేరు జాబితా చివరికి పోతుంది, మళ్ళీ నాలుగేళ్ళ మాట. అన్నయ్యది అరవై నాలుగో నంబరు. తనకు సరిగ్గా కనపడదు కాబట్టి వదినే రోజూ చూసి చదివి వినిపించేది.

ఆ పేజీ నిండా డాక్టర్ల పెద్ద పెద్ద ఫొటోలు. అది తెరుచుకునేసరికి వాళ్ళ కోటా సగం హరీమనేది. "బావా, నాకు కన్నయినా వస్తుందేమో గానీ ఆ పేజీ రాదు" అని నవ్వాడు అన్నయ్య ఒకరోజు. మా ఆయన మనసు చివుక్కుమంది. వెంటనే వచ్చి ఆ పేజీని వారం రోజులు దాచమని పెట్టెకు రాశాడు. ఫొటోల కోసమే రాశాడు. నంబరు కూడా ఆ పేజీలోనే ఉందన్న సంగతి తట్టలేదు మహానుభావుడికి. మర్నాటి నుంచి పేజీ చిటికెలో వచ్చింది. అన్నయ్య కిటికీలోంచి కేకేసి మరీ మెచ్చుకున్నాడు.

దానం వచ్చిన రోజునే నంబరు కదిలేది. ఒక్కోసారి పది రోజులైనా కదిలేది కాదు. అందుకే "ఇంకా యాభై తొమ్మిదేనండీ" అని వదిన వారమంతా చదివినా ఎవరికీ అనుమానం రాలేదు. వారం తిరిగాక పెట్టె కొత్త పేజీ తెచ్చింది. అందులో అరవై ఆరు ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, అరవై నాలుగు మంగళవారమే వచ్చి వెళ్ళిపోయిందన్నారు.

"కళ్ళున్నదానివి, ఒక్క అంకె చూసి చెప్పలేకపోయావా!" అని అన్నయ్య వదిన మీద విరుచుకుపడ్డాడు. ఆ కేక మా ముందుగదిలోకి వినపడింది. ఎవరు ఏ పేజీ అడిగారో పెట్టె రాసుకుంటుంది కదా, ఆయన ఆ చిట్టా తెరిచాడు. మంగళవారం పదీ ఇరవైకి ఎదురింటివాళ్ళు ఆసుపత్రి పేజీ అడిగారు. పెట్టె తను దాచుకున్నదే ఇచ్చింది, బయటికి వెళ్ళనే లేదు. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"నేను పోయి చెప్పేస్తానే" అన్నాడు.

"చెప్పి? పోయిన వంతు తెచ్చిపెడతారా? రేపటినుంచి ఈ వీధిలో మన మొహం చూసేవాడుంటాడా? నోరుమూసుకుని కూర్చోండి" అన్నాను.

నా మాట కాదనడం ఆయనకు చేతకాదు. కూర్చున్నాడు. ఎదురింట్లో అన్నయ్య వదినతో మాట్లాడటం మానేశాడు. రెండు రోజులాగి వదిన మా ఇంటికి వచ్చి, "యాభై తొమ్మిదనే చూశానే! నా కళ్ళకేం మాయరోగం వచ్చిందో" అని ఏడ్చింది. నేనేమన్నానో తెలుసా? "పోనీలే వదినా, పొరపాట్లు అందరికీ జరుగుతాయి" అన్నాను. నా నోట్లో పురుగులు పడ!

వంతు పోయిందని తెలిసిన పద్దెనిమిదో రోజున అన్నయ్యకు ఆ ఉన్న కాస్త చూపూ పోయింది. కబురు వినగానే మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటాడు. నేను వెనకే పరిగెత్తాను. అన్నయ్య కుట్టుమిషన్ పక్కన కుర్చీలో ఉన్నాడు. వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"తప్పు అక్కయ్యది కాదు బావా. తను ఉన్నదున్నట్టే చదివింది. నా పెట్టే పాత పేజీ చూపించింది. నువ్వు తన మీద కేకలేసిన రోజే ఈ సంగతి నాకు తెలుసు" అన్నాడు మా ఆయన.

 అన్నయ్య మా ఆయన్ని ఒక్క మాటైనా అనలేదు. "ఏమేవ్, ఇలా రా" అని గుమ్మం వైపు చెయ్యి చాచాడు. వదిన కదల్లేదు. "రావే" అన్నాడు మళ్ళీ. ఆ చెయ్యి అలా గాల్లో ఉండిపోతే చూడలేక నేనే వెళ్ళి పట్టుకున్నాను. వేళ్ళు తడిమి చూసి, "తను కాదు" అని వదిలేశాడు.