మిద్దె మీది ఎరువు

హనుమాండ్లుకు కోపం ముక్కు మీదే ఉంటుందని నాచారంలో అందరికీ తెలుసు. కానీ ఈ ఏడాది ఆయనకు వచ్చిన కోపం ఊరికే వచ్చింది కాదు. లేని జబ్బుకు నెలల తరబడి మందు మింగిన మనిషికి కోపం రాక ఇంకేం వస్తుంది?

తాతల నాటి పొలం ప్లాట్లయి ఎప్పుడో పోయింది. కంపెనీలో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాక, చేతులు ఊరుకోక మిద్దె మీద తోట పెట్టాడు. ఆయన కాకర పాదులు చూడ్డానికి బోడుప్పల్ నుంచి కూడా జనం వచ్చేవారు. వచ్చినవాళ్లందరికీ ఎరువుల మీద పాఠం చెప్పందే పంపేవాడు కాదు. ఆయన ఎరువు ఇండస్ట్రియల్ ఏరియాలో మూతబడ్డ ఓ షెడ్డులోది. పైన దూలాలకు గబ్బిలాలు, కింద ఏళ్లుగా పేరుకున్న వాటి పెంట. వాచ్‌మన్‌తో దోస్తీ కట్టి, పారతో గీకి, సంచులకెత్తి తెచ్చేవాడు. భార్య కృష్ణమ్మ మిద్దె మీద కూర్చుని గడ్డలు నలిపి జల్లెడ పట్టేది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ ఎరువే తన కొంప ముంచుతుందని ఆయనకేం తెలుసు?

ముందు జ్వరం పట్టుకుంది. తర్వాత మనిషి సగమయ్యాడు. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రేలో మరక చూసి టీబీ అని మందు మొదలుపెట్టాడు. కఫం పరీక్షలో ఏమీ లేదు. మళ్లీ చేయిస్తే మళ్లీ లేదు.

“ఏం దొరకలేదంటున్నరు గద సార్, మరి టీబీ ఎట్లయితది?” అని అడిగాడు హనుమాండ్లు.

“కొందరికి దొరకదు. కోర్సు ఆపకండి.”

దొరికితే టీబీ, దొరక్కపోతే దాక్కున్న టీబీ! మన దగ్గర ముందు టీబీని అనుమానించడం తప్పు కాదు. మందు పడుతున్నకొద్దీ మనిషి కుంగిపోతున్నా ఆ అనుమానం మార్చుకోకపోవడమే తప్పు. ఆ డాక్టరు బీడీలు తాగుతావా అని అడిగాడు, కల్లు తాగుతావా అని అడిగాడు. రోజూ ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు.

ఇంట్లో కంచం వేరైంది, గ్లాసు వేరైంది. కృష్ణమ్మ ఆయన ముందుకు రావాలంటే ముక్కుకు కొంగు కట్టుకునేది. నోరు ఉప్పు కోసం పీకుతుంటే ఆయన మామిడికాయ తొక్కు గిన్నెకు గిన్నె ఖాళీ చేసేవాడు. ఆమె జాడీ తీసి అటక మీద దాచింది.

“అరవై దాటినంక గంత ఉప్పేంది? బీపీ పెరగదా?”

“నోరు సప్పగుంటే నేనేం జేయాలె!” అని ఆయన కంచం నెట్టేసేవాడు. ఒళ్లు నల్లబడిందేమని ఎవరైనా అడిగితే, “ఎండల తోట పని జేస్తే తెల్లగైతరా?” అని ఆమే జవాబు చెప్పేది.

చివరికి ఒక పొద్దున కాకర పాదుకు నీళ్లు పోస్తూ కూలబడిపోయాడు. పెద్ద దవాఖానాకు తీసుకుపోతే బీపీ అందడం లేదన్నారు. ఈ నలుపేమని అడిగితే కృష్ణమ్మ అక్కడా ఎండ పేరే చెప్పింది. సెలైన్ ఎక్కాక అక్కడి డాక్టరమ్మ ఉదయశ్రీ ఆయన అరచెయ్యి తిప్పి చూసింది.

“ఎండకు నల్లబడితే అరచేతి గీతలు కూడా నల్లబడతాయాండి? ఉప్పు ఎక్కువ తినాలనిపిస్తుందా?”

అన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. హనుమాండ్లుకు ఏడుపొచ్చింది. మరునిమిషమే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

స్కాన్‌లో మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు గ్రంథులూ ఉబ్బి కనిపించాయి. బీపీని, ఒంట్లో ఉప్పును నిలబెట్టే రసం ఊరేది వాటిలోనే; అది తగ్గితే ఉప్పు మీద యావ పుడుతుంది, ఒళ్లు నల్లబడుతుంది. సూది గుచ్చి ముక్క తీసి, రంగు వేసి చూస్తే అందులో సన్నటి ఫంగస్ కణాలు బయటపడ్డాయి. రిపోర్టు చేతికి రాగానే ఉదయశ్రీ మొగుడూ పెళ్లాలను కూర్చోబెట్టి, రోజూ ఏం పని చేస్తారో అడిగి ఎరువు సంగతంతా రాబట్టింది.

“ఇది టీబీ కాదండి. హిస్టోప్లాస్మోసిస్. గబ్బిలాలుండే చోట మట్టిలో పెరిగే ఫంగస్, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలామందికి నాలుగు రోజులు జ్వరం, దగ్గు వచ్చి పోతాయి. కొందరికి అచ్చం టీబీలా ఉంటుంది. మీలా కొందరికి ఒళ్లంతా పాకి గ్రంథుల్లో కూర్చుంటుంది. ఇంతకాలం వాడిన టీబీ మాత్ర ఉన్న ఆ కాస్త రసాన్నీ హరించేసింది. ఏడాది దాకా మందు వాడాలి. గ్రంథుల మాత్ర బహుశా ఎప్పటికీ వాడాలి. బతుకుతారు, భయం లేదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. ఎరువు జల్లెడ పట్టేది ఎవరు?”

“నేనే అమ్మా,” అంది కృష్ణమ్మ. “నాకు గూడ అప్పుడు దగ్గు, జ్వరం వచ్చిపోయినయి.”

“అదే అయ్యుంటుంది. మీ ఎక్స్‌రే కూడా తీద్దాం.”

హనుమాండ్లు భార్య వైపు తిరిగాడు. భయమైనా సరే, ఆయన నోట కోపంగానే వస్తుంది.

“ఇన్ని నెలలు నన్ను జూసి ముక్కుకు కొంగు కట్టుకుంటివి. ఆ పెంట జల్లెడ పట్టేటప్పుడు కట్టుకోకపోతివి గదనే!”

కృష్ణమ్మ ముక్కు మీది కొంగు లాగి పడేసింది.

“కట్టుకోమని నువ్వు జెప్పినవా? బంగారమసుంటిది, పిడికెడు గూడ కింద పడనియ్యకు అన్నవు. పడనియ్యలే!”