నైరుతి మట్టి

ఫ్రీమాంట్ కొండ వాలు మీద మేము కొన్న ఇంటి నుంచి కింద సముద్రపు బే అంతా కనిపిస్తుంది. ఆ అందం చూసే నేను సరేనన్నాను. ఆఫీసులో లేఆఫ్‌ల భయంతో ఉన్న మా ఆయన మాత్రం వీడియో కాల్‌లో ఇల్లంతా హైదరాబాద్ వాస్తు సిద్ధాంతికి చూపించారు.

"నైరుతి ఇంత పల్లమా! యజమానికి గండం సార్. మట్టి పోయించి ఎత్తు చేయండి. అక్కడి వాననీటి డ్రెయిన్ మూసేసి నీళ్ళు ఈశాన్యానికి తిప్పండి" అన్నాడు సిద్ధాంతి.

మా ఈశాన్యంలో కొండ ఉంది. నీళ్ళు పైకి ఎక్కుతాయా అని నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. వారం తిరక్కుండానే ట్రక్కులకొద్దీ మట్టి వచ్చి వాలు అంచున కూర్చుంది. డ్రెయిన్ మూతపడింది.

పక్కింటి పెద్దాయన ఇటలీలో పుట్టినవారు. కంచె మీదుగా ఆ మట్టి చూసి, నన్ను కాఫీకి పిలిచి తన ఊరి ఫొటోలు ముందు పెట్టారు. ఆ ఊరు రోమన్ల కంటే ముందువాళ్ళు మెత్తరాతి కొండ మీద కట్టిందట. వాళ్ళు ప్రతి వీధి కిందా రాయి తొలిచి నీళ్ళకు దారి వదిలారట. తర్వాతి తరాలవాళ్ళు ఆ కాలువలు పూడ్చేసి, అంచు దాకా మేడలు లేపారు. వానలకు ఒక్కో వరుసా లోయలోకి జారిపోయింది. ఫొటోలో చర్చి గోడ ఒక్కటే నిలబడి ఉంది. ఆయన పుట్టిన వీధి ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"వానలు రాకముందే ఆ మట్టి తీయించండి. మీ ఇంట్లో చిన్న పాప ఉంది" అన్నారు.

 ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "మన శాస్త్రం అతనికేం తెలుసు? ఊరికే టెన్షన్ పెట్టకు" అని కొట్టిపారేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

జనవరిలో వాన పట్టుకుంది. ఒక ఉదయం చూస్తే ఇంటి వెనక పాటియో గచ్చు అడ్డంగా చీలి ఉంది. మా బెడ్‌రూమ్ తలుపు మూసుకోవడం లేదు. మా ఆయన ముఖం పాలిపోయింది. ఇప్పటికైనా అర్థమైందనుకున్నాను. ఆయన ఫోన్ తీసి సిద్ధాంతికి చూపించారు.

"కంగారు పడకండి సార్. బరువు చాలలేదు, అంతే. ఇంకో లోడ్ వేయించండి."

మా ఆయన ముఖం తేటపడింది. అది చూసి నాకు వానను మించిన భయం వేసింది. ఇల్లు వదిలి మాతో రమ్మని బతిమాలాను. "లోడ్ వస్తోంది, నేనుండాలి" అన్నారు. పాపను కార్ ఎక్కించి బయల్దేరాను. మలుపులో మట్టి ట్రక్ ఎదురొచ్చింది. రోడ్డు ఇరుకు. దానికి దారి ఇవ్వడానికి నేనే కార్ పక్కకు తీశాను.