జానెడున్నర పాము, పద్దెనిమిది మీద ఏసీ

దుబాయిలో నేను ఎనిమిది అడుగుల గిలక్కాయ పామును పెంచానని మా ఊళ్లో చాలామందికి చెప్పాను. అది తోక ఆడిస్తే మేముండే సనాబిస్ పేట మొత్తం కిటికీలు మూసుకునేదని కూడా చెప్పాను. దుబాయి అంటే ఇక్కడ బహ్రెయిన్ అని అర్థం చేసుకోవాలి. మావాళ్లకు గల్ఫంతా దుబాయే. ఎనిమిది అడుగులంటే జానెడున్నర అని అర్థం చేసుకోవాలి. దాని తోక చివర చిక్కుడు గింజంత బొడిపె ఒకటే ఉండేది. ఒక్క బొడిపె మోగదు. రెండోది పుట్టి మొదటిదానికి తగిలితేనే చప్పుడు. అంటే అది మోత కూడా రాని పసి పాము.

ఆ పసిదాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కడి ఎడారిదో, ఎవరు పట్టారో, ఏ పెట్టెలో పెట్టి సముద్రాలు దాటించారో. ఒక తెల్లదొర తన హాలులో అందానికి పెంచుకున్నాడు. ఉద్యోగం అయిపోయి దేశానికి పోతూ, పాత సోఫా ఇచ్చినట్టు నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్‌కు ఇచ్చిపోయాడు. మా కఫీల్ పెద్దమనిషి. ఇంటి డ్రైవర్లందరిలాగే నేనూ ఆయనను బాబా అనేవాణ్ణి. బాబా ఆ అద్దాల పెట్టెను తెచ్చి నా ముందు పెట్టి, "ఇది నీకు అప్పగించిన అమానత్. చచ్చిందంటే నీదే జవాబు" అన్నాడు.

ఇండియా నుంచి వచ్చాడంటే చాలు, పాములాడించేవాడే అనుకుంటారు. ఇరవై రెండేళ్లు స్టీరింగు పట్టిన మనిషిని నేను. పామును చూసుకొమ్మనడానికి నా మొహాన ఏం రాసి ఉంది? ఈ మాట చాలా ఏళ్లు చాలామందితో కోపంగా అన్నాను. నాకు పాములు పట్టడం వచ్చని ఆయనకు చెప్పింది నేనేనని మాత్రం అనలేదు. కర్జకాన్‌లో ఆయనకు ఖర్జూరపు తోట ఉండేది. అక్కడికి పోయే దారిలో ఊసుపోక, మా పొలంలో వట్టి చేతులతో ఎన్ని పాములు పట్టానో చెబుతూ ఉండేవాణ్ణి. నిజానికి పట్టింది ఒక్కటీ లేదు. ఒకసారి గడ్డివాములో పాము కనిపిస్తే, నేను ఎక్కిన చెట్టు దిగి వచ్చేసరికి మా ఆవిడ దాన్ని తరిమేసింది.

దొర పోతూ పోతూ మేత సంగతి మాత్రం చెప్పాడు. వారానికొక చిట్టెలుక పిల్ల, చచ్చింది, పెంపుడు జంతువుల దుకాణంలో ఐసులో పెట్టి అమ్ముతారు. గోరువెచ్చని నీళ్లలో కరగబెట్టి, పొడుగు పటకారుతో అందించాలి. చేయి లోపల పెట్టకూడదు. పిల్లదైనా విషం విషమే. మూతకు తాళం వేయకుండా పక్కకు తిరగకూడదు. అన్నీ బుద్ధిగా చేశాను. ఇంకొక సంగతి బాబా తనే నన్ను అడిగాడు.

"దీనికి వేడి కావాలా, చల్లగా ఉండాలా?"

"చల్లగా ఉండాలి బాబా," అన్నాను.

వెంటనే పెట్టెను పెరట్లోని సామాన్ల గదిలో పెట్టించాడు. అక్కడ కిటికీకి ఏసీ ఉంది. కాపలాకు నా పరుపు కూడా అక్కడికే మారింది.

మొదటి వారం ఎలుక పిల్లను ముట్టలేదు. రెండో వారం ముట్టలేదు. మూడో వారం దుకాణానికి పోయి, ఎలుకలు అమ్మే మలయాళీ మీద విరుచుకుపడ్డాను. కుళ్లిన ఎలుకలు అంటగడుతున్నావన్నాను. నోరులేని జీవి ఉసురు తగులుతుందన్నాను. అతను అంతా విని, పామున్న గదిలో వెచ్చగా ఉందా అని హిందీలో అడిగాడు. అడిగిన తీరు కూడా నెమ్మదే. నా గది సంగతి నీకెందుకని ఇంకా గట్టిగా అరిచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి చూస్తే పాము చుట్ట కూడా సరిగా చుట్టుకోవడం లేదు. వదిలేసిన తాడుముక్కలా పడి ఉంది. వెన్నుపూస చర్మం మీదికి తేలుతోంది. పటకారు చూపిస్తే మొదట్లో తల వెనక్కి లాక్కునేది. ఇప్పుడు అదీ లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే పోతుందని నాకు అర్థమైంది.

శుక్రవారం మా బామ్మర్ది వచ్చాడు. తాపీ పని చేసేవాడు, నయీమ్‌లో ఒక గదిలో ఏడుగురితో ఉండేవాడు. సెలవు నాడు మధ్యాహ్నం నా ఏసీలో పడుకోవడానికే వచ్చేవాడు. ఆ రోజు పడుకోకుండా పెట్టె ముందు కూర్చున్నాడు.

"బావా, ఇది ఎప్పుడు జూసినా గా మూలకే ఎందుకుంటున్నది?"

"దాని ఇష్టం."

"గది పడమటి గోడ. బయట ఎండ గొడ్తున్నది. గోడ కొంచెం కాలుతదని అతుక్కున్నది. దీనికి సలి పెడ్తున్నది బావా."

"సిమెంటు కలుపుకునేటోనివి, పాముల సంగతి నీకేమెరుక?"

"సిమెంటు కలిపేటోనికే ఎండ సంగతి ఎరుకైతది. నువ్వు చెద్దరు ముసుగు దన్ని పండుకుంటివి, అది సలికి సస్తున్నది. చెద్దర్ల సగం దానికన్న ఇయ్యరాదు."

వాడి మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా ఏసీలో పడుకుంటూ నాకే చెబుతాడా అనుకున్నాను. వాడు చెప్పింది నాకు కొత్తయితే అంత కోపం వచ్చేది కాదు.

మూడో రోజే నాకు తెలుసు. టీ కాచుకొని వేడి కెటిల్‌ను పెట్టె పక్కన పెడితే, అది ఆ చివర నుంచి ఈ చివరకు పాకి వచ్చి కెటిల్ వైపు అద్దానికి ఒళ్లంతా ఆనించింది. కెటిల్ చల్లారేదాకా కదల్లేదు. నేను చూశాను. చూసి, మర్నాటి నుంచి కెటిల్‌ను గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. గేటు పక్కన నా పాత గదికి రేకుల కప్పు, ఒక ఫ్యాను. ఆగస్టులో ఆ ఫ్యాను పొయ్యి ఊదినట్టు ఊదేది. ఏళ్ల తరబడి అందులో ఉడికాక, చల్లగా ఉండాలన్న ఒక్క మాటతో నాకు ఏసీ వచ్చింది. పద్దెనిమిది మీద పెట్టుకొని మధ్యాహ్నాలు నిద్రపోయాను. బాబా మీద, దొర మీద, దుకాణంవాడి మీద పడిన కోపమంతా ఆ నిద్ర లేచాక పడిందే.

సాయంత్రం బాబా దగ్గరికి పోయి, పాముకు వెచ్చదనం కావాలని చెప్పాను.

"మరి చల్లగా ఉండాలన్నావు?"

"చలి నాకు కావాల్సి వచ్చింది బాబా."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నవ్వాడు. గేటు గదిలో ఎంత వేడో నాకు చెప్పవచ్చు కదా అన్నాడు. ఆ మాటకు మళ్లీ మండింది. ఆ గేటులోంచి రోజుకు నాలుగుసార్లు కారులో వచ్చిపోయే మనిషికి రేకుల కప్పు కనబడలేదా? ఒకరు చెబితే గానీ తెలియదా? లోపల అనుకున్నాను, పైకి అనలేదు. పాముకు ఏం కావాలో నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది మరి.

పెట్టెను ఇంట్లో బట్టలుతికే మిషను గదికి మార్చాం. ఏసీ లేదు, ఎండ తగలదు, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే. సామాన్ల గదికి ఏసీ ఆపేశారు. నా పరుపు చుట్టుకొని రేకుల కిందికి నేనే పోయాను. బాబా ఫ్యాను మార్పిస్తానన్నాడు. మార్పించాడు, అక్టోబరులో.

ఆరో రోజు ఎలుక పిల్లను అందించాను. తల ఎత్తింది. పటకారు పట్టిన చేతికి ఒక్క కుదుపు తెలిసింది, అంతే. నెమ్మదిగా మింగుతుంటే చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా నిలబడ్డాను.

నెలన్నర తరువాత కుబుసం విడిచింది. తోకన రెండో బొడిపె వచ్చింది. ఒక మధ్యాహ్నం నీళ్ల గిన్నె మార్చడానికి తాళం తీస్తుంటే, మొదటిసారి నా మీదికి తోక ఆడించింది. సనాబిస్‌లో ఎవరూ కిటికీలు మూసుకోలేదు. మిషను తిరుగుతుంటే నాకే సరిగా వినబడలేదు. మిషను ఆపి, మళ్లీ విన్నాను.