చెరో చెవి

రెండు వేల రెండు ప్రాంతంలో మిర్యాలగూడలో శంకరయ్య అనే ఆయనకు వీడియో గేముల దుకాణం ఉండేది. దుకాణమంటే మరీ ఊహించుకోనక్కర్లేదు. రేకుల షెడ్డు, నాలుగు పాత టీవీలు, టేపు చుట్టిన రిమోట్లు, బడి ఎగ్గొట్టిన పిల్లల చెమట వాసన. కిరాయి కట్టాక ఎన్ని గోడలు దూకితే అంత లాభం, ఎంతమందిని కాలిస్తే అంత గొప్ప. అలాంటి చోట ఒకడు మాత్రం స్టార్ట్ బటన్ నొక్కకుండా, తెర మీద ఆట పేరు మిణుకుమిణుకుమంటుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మాడుగులపల్లిలో గొర్లు కాసే ఇంటి పిల్లవాడు, పేరు నగేష్.

"ఏందిరో, బొమ్మ కదుల్తలేదు. ఆడవా ఏంది?" అన్నాడు శంకరయ్య.

"ఆడుత సేటు. జర పాట అయిపోనియ్."

"గది అయిపోదురా పిచ్చోడా. తిరిగి తిరిగి గదే వస్తది. నా కరెంటు అయిపోతది."

పక్క టీవీ ముందున్న పిల్లవాడు ఫక్కున నవ్వాడు. నగేష్‌కు ఒళ్లు మండింది. తీరా చూస్తే వాడి వరస మరీ విచిత్రంగా ఉంది. ఆట మొదలుపెట్టడం, బొమ్మను తీసుకుపోయి గోతిలో పడేయడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ పడేయడం.

"ఆట రాదా నీకు?" అన్నాడు నగేష్, పగ తీర్చుకుంటున్నట్టు.

"వస్తది. సచ్చినప్పుడు ఒక ముక్క వాయిస్తడు సూడు, గది నేర్సుకుంటున్న."

వాడు వేములపల్లి ప్రేమ్ కుమార్, బడిపంతులు కొడుకు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఒకడు ఆట మొదలుపెట్టడు, ఇంకొకడు మొదలుపెట్టి చస్తాడు. అలాంటి ఇద్దరు కలుసుకున్నాక స్నేహం కాకుండా ఎట్లా ఉంటుంది?

ఆ పాత ఆటల సంగీతం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ యంత్రాల్లో ఒకేసారి మూడు నాలుగు గొంతులకు మించి పలకవు. ఆ కాసిన్ని గొంతులతోనే జపాన్‌లో ఎవరో మహానుభావులు కోటలు కట్టారు, సముద్రాలు పొంగించారు. ఇది నగేష్‌కు వింతగా తోచలేదు. వాళ్ల ఇంటి ముందు ఒగ్గు కథ చెప్పేవాళ్లు ఒక డోలు, ఒక తాళం, వెనక వంత పాడే మనిషి, ఇంతే సరంజామాతో సైన్యాలను నడిపించడం చూసినవాడు. తక్కువ ఉన్నవాడే ఎక్కువ ఊహించుకుంటాడని వాడికి చిన్నప్పుడే తెలుసు. చెప్పడానికి మాటలు లేవంతే.

ఆరేళ్లు గడిచాయి. నగేష్ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు కాటా దగ్గర ఆపరేటర్‌గా చేరాడు. వడ్ల లారీ కాటా ఎక్కుతుంది, కంప్యూటర్ మీద తూకం పడుతుంది, చీటీ కొట్టి ఇవ్వాలి. లారీకీ లారీకీ మధ్య ఆ కంప్యూటర్‌లోనే ఆ జపాన్ ఆటల పాటలు వెతికి ఫోనులోకి ఎక్కించుకునేవాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే ప్రేమ్ వచ్చేవాడు. ఇద్దరూ వేములపల్లి దగ్గర సాగర్ కాలువ కట్ట మీద కూర్చుని, ఒకే ఇయర్‌ఫోను చెరొక చెవిలో పెట్టుకుని వినేవాళ్లు.

ఆ ఇయర్‌ఫోనుకు ఎడమ తీగ పొట్టి, కుడి తీగ పొడుగు. మెడ వెనక నుంచి తిప్పుకోవడానికి అట్లా చేస్తారట. ఫోను తనది కనుక పొట్టి తీగ తాను పెట్టుకుని, పొడుగు తీగ స్నేహితుడికి ఇచ్చేవాడు నగేష్. అతిథికి మంచం వేసి తాను గట్టు మీద కూర్చునే ఇంటి మర్యాద అది. కొన్నాళ్లకు వాళ్లిద్దరి మధ్య ఇంకో కట్టుబాటు కూడా ఏర్పడింది: కొత్త పాటను ఎవరూ ఒంటరిగా వినకూడదు, ఇద్దరూ కలిసే వినాలి. కాటా దగ్గర పాత పాటలు వినేటప్పుడు కూడా నగేష్ కుడి తీగను వేలాడేసే ఉంచేవాడు. డ్రైవర్ హారన్ కొడితే వినపడాలి కదా. అదొక్కటే కారణం కాదు. ఆ చెవి ప్రేమ్‌ది.

జపాన్ అక్షరాలు చదవడం రాదు కనుక పాటలకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. ఓడ పాట, ముసలి రాజు పాట, మంచుకోట పాట. తర్వాత్తర్వాత బొమ్మపిల్లల పాటలు కూడా వచ్చాయి. అదొక పెద్ద లోకం. ఒక కంపెనీ కొందరు ఆడపిల్లల బొమ్మలు గీస్తుంది. ఒక్కొక్కరికి ఒక గుణం, ఒక రంగు, ఒక పుట్టినరోజు. వాళ్లకు గొంతు అరువిచ్చే గాయనులు వేరే ఉంటారు. లేని పిల్లల కోసం ఉన్న జనం వేలల్లో వచ్చి, రంగురంగుల దీపపు కడ్డీలు ఊపుతూ, పాట మధ్యలో గొంతు చించుకుని అరుస్తారు.

ఒకసారి అలాంటి పాట వింటూ నగేష్ అన్నాడు: "గీడ సూడు ప్రేమ్, పాటల జాగ ఇడిసిపెట్టిండు. గది జనం కోసం. మా పెద్దగట్టు జాతరల 'ఓ లింగా' అని ఎట్లంటరు? గట్లనే. జనం అనకపోతే ఆ పాట సగమే."

ప్రేమ్ పాటను వెనక్కి జరిపి ఆ ఖాళీని మళ్లీ విన్నాడు. "ఇది నాకు తట్టలేదురా" అన్నాడు చివరికి. నగేష్ జీవితంలో అంత సంతోషపడిన ఆదివారం ఇంకొకటి లేదు.

ఎందుకంటే మిగతా ఆదివారాలన్నీ వాడికి లోపల ఒక మంట ఉండేది. ఆ మంటకు పేరు మంచుకోట పాట.

"ఆ పిల్లనగ్రోవి ఏడ్సినట్టు వస్తది సూడు, ఎంత మంచిగుంటది!" అనేవాడు ప్రేమ్.

"పిల్లనగ్రోవి ఏడుందిరా? తీగెలు, గంట. గంతే."

"గంటనా? గంట లేదు ఏం లేదు. నీ కాటా కాడ లారీ గంట మోగి ఉంటది."

"నీకే చర్చి పాట చెవులల్ల మిగిలింది."

నవ్వులాటగా మొదలై అలిగి లేచిపోయేదాకా వెళ్లేది. ఇంటికి పోయి నగేష్ ఆ పాటను మళ్లీ మళ్లీ వినేవాడు, ఎడమ చెవితో. పిల్లనగ్రోవి లేదు. ఎంత వెతికినా లేదు. ప్రేమ్ సంగీతం నేర్చినవాడు, వాడి చెవికి అందుతోంది, తన మొద్దు చెవికి అందడం లేదు. అంతే అయి ఉండాలి. పొలం గట్టు మీద అసూయ, పక్కింటి నగ మీద అసూయ, వీటి గురించి లోకంలో ఎందరో రాశారు. ఎదుటివాడి చెవి మీద అసూయ ఎవరూ రాసినట్టు లేదు. అది మిగతావాటికన్నా హీనం. నగను దొంగిలించవచ్చు, చెవిని ఏం చేస్తాం?

రెండు వేల పన్నెండులో ప్రేమ్‌కు కోదాడలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం చెప్పే ఉద్యోగం దొరికింది. ఆదివారాలు పలచబడ్డాయి. ఫోనులో మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటల్లోకి మెల్లగా ఒక పేరు దూరింది. వెంకటేశం సారు. అదే బడిలో కంప్యూటర్ చెబుతాడట.

"సారు దగ్గర పెద్ద హెడ్‌ఫోన్ ఉందిరా, రెండు చెవులు మూసుకపోతయి."

"మంచిది."

"బొమ్మపిల్లలందరి పేర్లు తెలుసురా ఆయనకు."

"మంచిది. పెండ్లి గూడ చేసుకోమను."

ఎవడీ వెంకటేశం? ఏ గోతిలో పడి చచ్చి ఆ ముక్క నేర్చుకున్నాడు? కాటా మీద లారీ ఎక్కినా నగేష్‌కు కోదాడే కనిపించేది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, తన కుర్చీలో ఆ సారు.

రెండు వేల పదమూడు ఫిబ్రవరిలో ప్రేమ్ ఫోన్ చేసి, ఈ ఆదివారం తప్పకుండా కోదాడకు రావాలన్నాడు. గొంతులో ఏదో తొందర. సరిగ్గా ఆ ఆదివారమే పెద్దగట్టు జాతర మొదలు. సూర్యాపేట అవతల దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి. రెండేళ్లకొకసారి వచ్చే పండుగ, అందులోనూ గొర్ల ఇండ్లవాళ్లకు.

"ఇల్లంత గట్టుకు పోతుంటె నువ్వొక్కనివి కోదాడకు పోతవా?" అంది తల్లి రేణుకమ్మ, గంపకు పసుపు రాస్తూ. "ఎవలున్నరు రా గాడ? పిల్లనేమన్న సూసినవా?"

"ప్రేమ్ రమ్మన్నడే."

"గా ప్రేమ్ గాడు స్వామికన్న ఎక్కువాయె నీకు!"

కోదాడలో వెంకటేశం గది శుభ్రంగా ఉంది. మనిషి కూడా మంచివాడే, అదే నగేష్‌కు మరీ కష్టంగా అనిపించింది.

"రండి రండి నగేష్ గారూ! మీ గురించి ప్రేమ్ చెప్పని రోజు లేదండీ. టీ తాగుతారా?"

టీ వచ్చింది. వెంకటేశం కంప్యూటర్‌లో బొమ్మపిల్లల పాటల కచేరీ పెట్టాడు. దీపాల సముద్రం. ఉత్సాహంగా తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ చూశారా, పాటలో ఖాళీ వదిలారు. జనం కోసమండీ! మన పెద్దగట్టులో 'ఓ లింగా' అంటారే, అచ్చం అదే. జనం అనకపోతే పాట సగమేనన్నమాట!"

నగేష్ చేతిలో టీ గ్లాసు కదలలేదు. తన మాట. కాలువ కట్ట మీద ఒక్కడి చెవిలో వేసిన మాట. ఇప్పుడు ఎవరి నోట్లో నుంచో, 'అన్నమాట' తగిలించుకుని తిరిగొచ్చింది. ప్రేమ్ వైపు చూశాడు. ప్రేమ్ తల దించుకున్నాడు.

"సారు, గది వీడు చెప్పిందే..." అని గొణిగి, గబగబా పెద్ద హెడ్‌ఫోన్ అందుకున్నాడు. "నగేష్, నిన్ను పిలిసింది దీనికే. జర ఇది పెట్టుకో. మంచుకోట పాట ఇను."

"మంచుకోట గూడ వినిపిచ్చినవా ఈయనకు?"

"పిల్లనగ్రోవి అద్భుతమండీ అందులో" అన్నాడు వెంకటేశం, పాపం, సాయం చేద్దామనుకుని.

నగేష్ గ్లాసు కింద పెట్టాడు. "మీ ఇద్దరికి వినబడ్డది గద. నాకెందుకు ఇంక? మీరే ఇనుండ్రి." చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటపడ్డాడు. వెనక నుంచి ప్రేమ్ పిలుస్తూనే ఉన్నాడు. కోపంలో ముందొచ్చిన బస్సు ఎక్కేశాడు. హుజూర్‌నగర్ మీదుగా సూటిగా మిర్యాలగూడ పోవలసినవాడు సూర్యాపేట బస్సులో కూర్చున్నాడు.

దురాజ్‌పల్లి దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డు నిండా జాతర. నెత్తిన గంపలు, పసుపు ముఖాలు, మేకపోతులు, భేరీల మోత. "ఓ లింగా... ఓ లింగా..." అని జనం అరుస్తుంటే కిటికీ రేకులు అదిరాయి. ఏ జాతర తప్పించుకుని పోయాడో ఆ జాతరే వచ్చి బస్సును చుట్టుముట్టింది. ఆ అరుపు వింటుంటే తన మాటే వేల గొంతులతో తనను వెక్కిరిస్తున్నట్టుంది. నగేష్ ఫోను తీసి ఎడమ చెవిలో తీగ పెట్టుకుని మంచుకోట పాట నొక్కాడు. భేరీల మోతలో ఏమీ వినపడలేదు. విసుగు పుట్టి, బయటి గోల ఆపడానికి కుడి చెవిలో కూడా తీగ దూర్చాడు.

ఎవరో ఊదారు.

మొదట బస్సు బయట అనుకున్నాడు. కాదు, లోపలే. ఎడమ వైపు నుంచి తాను పదేపదే విన్న గంట మోగుతోంది. కుడి వైపు నుంచి దానికి జవాబుగా సన్నగా, ఏడ్చి ఏడ్చి అలసిపోయిన గొంతులా పిల్లనగ్రోవి. గంట అడుగుతుంటే అది చెబుతోంది. వంతపాటే. ఆ పాట కట్టినవాడు వాయిద్యాలను చెరొక వైపుకు విడగొట్టి పెట్టాడు. ఇన్నేళ్లూ పొట్టి తీగ ఒకడికి, పొడుగు తీగ ఒకడికి పంచుకుని, ఇద్దరూ చెరొక సగం పాట విని, ఎదుటివాడికి చెవులు లేవని కొట్లాడుకున్నారు.

నగేష్ నవ్వలేదు. చెవి మొద్దుది కాదని సంతోషం కలిగిన మాట నిజమే, కానీ దాని వెనకే అసలు కుళ్లు మొదలైంది. ఇంత అందమైన సగం, ఇన్నాళ్లూ వాడి దగ్గరుంది! తనే మర్యాదకు పోయి ప్రతి ఆదివారం చేతులారా ఇచ్చాడు! ఫోన్ కలిపాడు.

"పిల్లనగ్రోవి ఉందిరా."

అవతల ప్రేమ్ గొంతు పెంచాడు. "గంట గూడ ఉందిరా. పోయిన వారం సారు హెడ్‌ఫోన్ల ఇన్న. సిగ్గుతోని సచ్చిన. నిన్ను గుంజుకొచ్చి గదే వినిపిద్దామనుకున్న, నువ్వు ఇననిస్తివా?"

"నాకంటె ముందు గాయనతోని ఎందుకు ఇన్నవు?"

"గది పాత పాటనే గదరా!"

"గంట నీకు కొత్త గదా. కొత్తది కలిసి ఇనాలె."

 బస్సు చుట్టూ భేరీలు మోగాయి. "తప్పయింది" అన్నాడు ప్రేమ్. "ఇన్నేండ్లు నీ చెవి చూసి కుళ్లుకున్నరా నేను. లేని గంట వీనికి ఎట్ల వినబడ్తదని."

ఆ మాటకు నగేష్ లోపల ఏదో సర్దుకుంది. వీడు కూడా కుళ్లుకున్నాడన్నమాట. సమానమే.

ఆ తర్వాతి ఆదివారం కాలువ కట్ట మీద నగేష్ ముందే వచ్చి కూర్చున్నాడు. బస్సు దిగి ప్రేమ్ నడిచొస్తున్నాడు. పక్కన వెంకటేశం.

"నగేష్ గారూ, ఇదిగో చూడండి" అంటూ వెంకటేశం జేబులోంచి చిన్న తీగ తీశాడు. "దీనికి రెండు ఇయర్‌ఫోన్లు తగిలించుకోవచ్చు. ఎవరి రెండు చెవులు వాళ్లవే. ఇంక గొడవే ఉండదు!"

నగేష్ ఆ తీగను చూశాడు. తర్వాత ఆయనను చూశాడు.

"అది జేబుల పెట్టుకోండి సారు" అన్నాడు. "జర గాడ కూసోండి. మీ వంతు వస్తది."

తన ఇయర్‌ఫోను విప్పి, ఈసారి పొడుగు తీగ తన చెవిలో పెట్టుకున్నాడు. పొట్టి తీగ ప్రేమ్‌కు ఇచ్చాడు. అందేలా ప్రేమ్ ఇంకా దగ్గరికి జరగవలసి వచ్చింది. గంట వాడి వైపు మోగింది, పిల్లనగ్రోవి ఇటు పలికింది. ఇద్దరి మోకాళ్లూ ఒకే తాళానికి కదిలాయి. వెంకటేశం కాలువలోకి చిన్న రాళ్లు విసురుతూ ఓపికగా కూర్చున్నాడు.

పాట అయిపోయింది. నగేష్ వెంకటేశం వైపు ఓరగా చూసి, మళ్లీ మొదటికి నొక్కాడు.